ఎర్నికి అటూ ఇటూ

ఎర్నెస్టీన్ హాల్‌వాక్స్ ఎవరని అడిగితే మా ఊళ్ళో సగం మంది బుర్ర గోక్కుంటారు. రొట్టెల కొట్టు ఎర్ని అంటే మాత్రం రేవులో పడవలు కట్టేవాళ్ళ దగ్గర్నుంచి పాదిరిగారి వంటమనిషి దాకా అందరూ వేలు పెట్టి ఇల్లు చూపిస్తారు. కొట్టు మూతపడి చాలా కాలమైనా పేరుకి అంటుకున్న రొట్టెలు ఊడిపోలేదు. నేను ఆమె పక్కింటి రోజల్‌ని. వేసవిలో సరస్సు మీద ఒపెరా ఆడినన్నాళ్ళూ కోరస్‌లో ఆమెకు ఎడమ పక్కన నిలబడేదాన్ని. ఆమె గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. ఉందనేవాళ్ళుంటే మా గుమ్మంలోకి వచ్చి అనమనండి.

ఎర్ని తండ్రి రెల్లు కోసి బతికాడు. మా సరస్సు ఎక్కడ దిగినా ఛాతీలోతే. అడుగున బురద, చుట్టూ కనుచూపు మేర రెల్లు. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టాక ఆ గడ్డ మీద నిలబడి కోయాలి. తండ్రి కోస్తే ఎర్ని కట్టలు కట్టేది, చలికి పళ్ళు కొట్టుకోకుండా పాడుకునేది. ఆడపిల్ల గొంతులా ఉండేది కాదట అది. కింద ఎక్కడో మొదలై అక్కడే తిరిగేది. రెల్లుకి అవతల కోస్తున్నవాడెవడో ఆ పాట విని, "ఒరేయ్ అబ్బాయ్, నీ దగ్గర అగ్గిపెట్టె ఉందా?" అని కేకేశాడట. ఈ కథ వాళ్ళ నాన్న ప్రతి పెళ్ళి విందులోనూ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఎర్ని బల్ల కింద నుంచి ఆయన కాలు తన్నేది.

ఒపెరా మొదలైన వేసవికి ఆమెకు పదహారేళ్ళు. నీళ్ళలో గుంజలు దిగ్గొట్టి, పైన పలకలు పరిచి, ఒడ్డున చర్చి బెంచీలు తెచ్చి వేశారు. పెద్ద పాత్రలకు వియన్నా నుంచి గాయకులు వచ్చారు. కోరస్‌కి మాత్రం ఆదివారం చర్చిలో పాడే మా ఊరివాళ్ళనే తెచ్చి నిలబెట్టారు. గుంజలు దిగ్గొట్టిన వడ్రంగుల్లో లోయిస్ ఒకడు. అతను కింద ఛాతీ దాకా నీళ్ళలో నిలబడి మేకులు కొడుతుంటే పైన పలకల మీద ఎర్నివాళ్ళు రిహార్సల్ చేసేవాళ్ళు. "పైనుంచి రంపంపొట్టు రాలుతుందనుకున్నా, పాట రాలుతోంది" అన్నాడట ఆమెతో. లోయిస్ బతుకంతటిలో అన్న ఒకే ఒక్క అందమైన మాట అది. ఆ తర్వాత కాపురం చేసినన్నేళ్ళూ "ఆ ఉప్పు ఇలా పడెయ్" కన్నా పెద్ద మాట అతని నోట నేను వినలేదు. ఎర్నికి ఆ ఒక్క మాట చాలినట్టుంది.

ఇప్పుడు ఆ పలకలు లేవు. ఇనప స్టేజీ వచ్చింది, ఊరి జనానికి నాలుగింతల కుర్చీలొచ్చాయి, సాయంత్రానికల్లా వియన్నా నుంచి బస్సులు బారులు తీరతాయి. కోరస్‌లో కూడా బయటివాళ్ళు చాలామంది చేరారు. అయినా కింది గొంతుల వరసలో మా ఊరి ఆడవాళ్ళ చోటు మాదే. చర్చిలో ఎవరి బెంచీ వాళ్ళకున్నట్టే కోరస్‌లో ఎవరి చోటు వాళ్ళకుంది. ఎర్ని మధ్యలో, నేను ఆమెకు ఎడమ పక్క, చేపలవాళ్ళ హెర్మీ కుడి పక్క. ఈ వరస మార్చాలని ఎవరికీ తోచను కూడా తోచలేదు.

మాకో పాత అలవాటుంది. ఎవరికైనా జలుబు చేసి గొంతు పట్టేసినా, ఇంట్లో చావు జరిగి గొంతు పూడుకుపోయినా, ఆమె ఇంట్లో కూర్చోదు. వచ్చి తన చోట నిలబడి నోరు కదుపుతుంది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు తమ వంతుతో పాటు ఆమె వంతు కూడా పాడతారు. దాన్ని మేం మోయడం అంటాం. మా అమ్మ చనిపోయిన వారం నన్ను ఎర్ని మోసింది. లోయిస్ పోయినప్పుడు ఎర్నిని నేనూ హెర్మీ మోశాం. దీనికి ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోరు. చెబితే ఆ మనిషికి మతి పోయిందనుకుంటాం.

లోయిస్ పోయాడు, ఆ తర్వాత కొట్టు పోయింది. పిల్లలు లేరు. మెడలో గడ్డ లేస్తే ఆస్పత్రిలో తీయించుకుంది. గడ్డ పక్కనే గొంతు నరం ఉందనీ, ఏమైనా కావచ్చనీ డాక్టరు ముందే చెప్పాడట. గడ్డతో పాటు పాట కూడా పోయింది. మాట బొంగురుగా మిగిలింది. పాడబోతే గాలి వచ్చేది, అంతే.

"రెండు వారాల్లో వచ్చేస్తుందిలే" అంది అప్పుడు. సరేనని మోశాం. ఆ వేసవి అయిపోయింది. మరుసటి వేసవికీ రాలేదు. మూడో వేసవికి ఇంక ఎవరమూ అడగలేదు. కోరస్ మాస్టరు ముసలి ఫెర్డ్‌ల్‌కి తెలుసు. మా వరస దాకా రాగానే ఆయన ఒడ్డున ఇంటి పొగగొట్టం మీద గూడు కట్టుకున్న కొంగల్ని చూస్తూ నిలబడేవాడు. ఎర్ని రిహార్సల్‌కి అందరికన్నా ముందొచ్చేది, వేషం ఇస్త్రీ తనే చేసుకునేది, ప్రతి పాటా గింజుకుని నేర్చుకునేది. పాడలేని మనిషికి ఆ మాటలన్నీ కంఠతా ఎందుకని ఒకసారి అడిగాను.

"పెదాలు తప్పు కదిలితే నవ్వుతారే" అంది.

నాకు తెలిసి ఆమెకు ఇంట్లో గోడలతో తప్ప మాట్లాడటానికి ఎవరూ లేరు. కోరస్ ఒక్కటే ఆమె ఇల్లు దాటి వెళ్ళే చోటు, అక్కడ హాజరు తీసుకునేటప్పుడు ఎవరో ఒకరు ఆమె పేరు పిలిచేవారు. ఆ చోటు పోతే ఎర్ని ఏమవుతుందోనని నాకు భయంగా ఉండేది. ఆమెకు నాకన్నా భయంగా ఉండేది.

ఆ పై ఏడాది ఫెర్డ్‌ల్ మోకాళ్ళు పట్టేసి తప్పుకున్నాడు. ఆయన చోటికి సరస్సుకి అవతలి ఒడ్డు నుంచి, షోప్రోన్ ఊరి ఫ్రావ్ ఇల్డికో, అంటే ఇల్డికో అమ్మగారు, వచ్చింది. ఎర్ర కళ్ళజోడు, చిన్న మనిషి, పెద్ద చెవులు. వసంతంలో పరీక్ష పెట్టి నలుగురేసి చొప్పున పాడించింది. ఎర్ని ఉన్న నలుగురిలో మిగతా ముగ్గురం గట్టిగా మోసి గట్టెక్కించాం. అబ్బ, అయిందిరా బాబూ అనుకున్నాం. అంతలో మైకులొచ్చాయి.

అంతకుముందు స్టేజీ అంచున నాలుగు మైకులుండేవి, అందరి పాటా కలగలిసి వాటిలో పడేది. ఈసారి కోరస్‌లో మనిషికొకటి. బియ్యపు గింజంత మైకు, జుట్టు మొదలయ్యే చోట నుదుటికి అంటిస్తారు, తీగ వీపు మీద పెట్టెలోకి పోతుంది. సౌండు చూసేది గెర్నోట్ అని లింజ్ నుంచి వచ్చిన నలభై ఏళ్ళ మనిషి. ఎండుకర్రలా ఉండేవాడు. ఎప్పుడూ ఇంకొకళ్ళ కింద పనిచేసినవాడు, ఆ ఏడాదే మొదటిసారి మొత్తం పని అతని చేతికిచ్చారు. తిండి కూడా మర్చిపోయి తిరిగేవాడు.

"మాకు గొంతులున్నాయి కదయ్యా, ఈ నల్లులెందుకు?" అంది హెర్మీ, నుదురు చూపిస్తూ.

"గాలి ఎటు కొడితే అటు పోతోందమ్మా మీ పాట. ఇప్పుడైతే ఒక్కొక్కరి గొంతూ నాకు విడివిడిగా వినిపిస్తుంది" అన్నాడు గెర్నోట్. "ఎవరు తప్పు పాడినా దొరికిపోతారు, జాగ్రత్త!"

అతను సరదాకే అన్నాడు. అందరూ నవ్వారు. ఎర్ని కూడా నవ్వింది. ఆ నవ్వు అలాగే మొహానికి అతుక్కుపోయింది, చాలాసేపటి దాకా దిగలేదు.

మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక్కొక్కరినీ ఏదో ఒకటి మాట్లాడమన్నాడు. పాడమనలేదు, దేవుడి దయ. "దోమలు కుడుతున్నాయి" అంది ఎర్ని తన బొంగురు గొంతుతో. "బాగా వినిపిస్తోంది" అన్నాడు.

ఇంటికి నడుస్తూ ఎర్ని రోడ్డు మధ్యలో ఆగింది.

"నేను మానేస్తానే."

"ఎందుకూ?"

"మాట్లాడితే వినపడే మైకు పాడేటప్పుడు మూగబోతే వాడికి తెలీదా? వాడేం పిచ్చోడా?"

"నీ బొంద. ముందు నా మాట విను. ఆ మైకు నోటి దగ్గర లేదు, నెత్తి మీదుంది. నీ నెత్తికీ నా నోటికీ ఎంత దూరం? నేను కాస్త ఇటు వంగితే నీ మైకులో నేను పడతా. అటు నుంచి హెర్మీ వంగుతుంది. వాడికి నీ మైకులో పాట కావాలి, అంతేగా? దొరుకుతుంది."

ఎర్ని నన్ను ఎగాదిగా చూసింది. "ఇలాంటి తెలివి నీకు బళ్ళో ఉండుంటే ఎంత బాగుండేది!"

"బళ్ళో మైకుల్లేవుగా" అన్నాను.

నా తెలివికి నేనే మురిసిపోయిన మాట నిజం. ఆ ఏడాది కథ సముద్రం మీదికి వెళ్ళిన పడవలు ఎంతకీ తిరిగిరాని ఒక పల్లెది. మేం బెస్తవాళ్ళ ఆడవాళ్ళం, ఒడ్డున నిలబడి ఎదురుచూస్తుంటాం. మర్నాడు రిహార్సల్‌లో నేనూ హెర్మీ చెరో పక్క నుంచి ఎర్ని నెత్తి మీదికి వంగి పాడాం. ఎర్ని మధ్యలో కళ్ళు పైకెత్తి, పెదాలు కదుపుతూ, బిక్కచచ్చి నిలబడింది.

"ఆపండి!" అని అరిచాడు డైరెక్టరు. ఆయన గబగబా స్టేజీ మీదికొచ్చి మా ముందు నిలబడ్డాడు. "ఇది మీకెవరు చెప్పారు?"

"ఏదండీ?" అన్నాను.

"ఇలా ఒకరి మీద ఒకరు వాలిపోవడం! ఆ భయం! మధ్యలో ఈవిడ మొహం చూడండి. నేను నెల రోజులుగా ఇందరికి మొత్తుకుంటున్నది ఇదే. మీరు ముగ్గురూ వెనక ఎందుకున్నారసలు? ప్రార్థన పాటకి ముందుకి రండి. నడిమధ్యకి!"

ప్రార్థన పాట మొత్తం ఒపెరాలో అన్నిటికన్నా నెమ్మదైన పాట. వాద్యాలన్నీ ఆగిపోతాయి. రెల్లులో కప్పలు కూడా వినిపిస్తాయి. మూడేళ్ళుగా వెనక మెట్టు మీద దాక్కున్నదాన్ని తీసుకొచ్చి ఆ పాటలో దీపాల కింద, అందరి ముందూ నిలబెట్టాడు మహానుభావుడు. నటన బాగుందట. ఎర్ని నా చెయ్యి నలిపేసింది. రాత్రికి వేళ్ళు వాచాయి.

మా తెలివిలో మేం ఎరగని సంగతి ఒకటుంది. ఒకే గొంతు రెండు మైకుల్లో పడితే ఆ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయట. స్పీకర్లలోంచి వచ్చేసరికి మా ప్రార్థన పాట నూతిలో పడ్డవాళ్ళు కేకలేసినట్టు డొల్లగా వచ్చింది. మాకు స్టేజీ మీద ఏమీ తెలియలేదు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మొహాలు చిట్లించారు.

గెర్నోట్ పరిగెత్తుకొచ్చి, నన్ను చూపిస్తూ ఎర్నిని అడిగాడు. "అమ్మా, మీ పెట్టెలు మారాయా? మీ మైకులో ఈవిడ గొంతు వస్తోంది, ఈవిడ మైకులోనూ ఈవిడ గొంతే వస్తోంది."

"మాకేం తెలుస్తుందయ్యా ఆ పెట్టెల సంగతి" అన్నాను, మొహం అమాయకంగా పెట్టి.

పెట్టెలు మార్చాడు, తీగలు మార్చాడు. మమ్మల్ని దూరం దూరంగా నిలబెట్టి మాట్లాడించాడు, బాగానే ఉంది. పాట మొదలైతే మళ్ళీ నుయ్యి. వీళ్ళని కాస్త విడదీయండని డైరెక్టరుని అడిగాడు. "వాళ్ళ మీద చెయ్యి వేశావో, ఊరుకోను. స్టేజీ మీద కనపడే బొమ్మ నాది, సౌండు నీది. నీది నువ్వు బాగుచేసుకో" అన్నాడు డైరెక్టరు. అప్పట్నుంచి గెర్నోట్ కుర్చీల వెనక తన సౌండు సామానుండే రేకుల పందిరి కిందే పడి ఉండేవాడు. మధ్యాహ్నం ఎండలో పెట్టెలన్నీ విప్పుకుని, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని చూసుకునేవాడు. మనిషి సగమయ్యాడు.

ఎర్నికి అతన్ని చూస్తే పాపం అనిపించి రోజూ ఏదో ఒకటి వండి తెచ్చేది. పల్చటి పిండిలో గసగసాలు పెట్టి చుట్టి కాల్చిన చుట్ట, చిక్కుడు గింజల చుట్ట, ఒకరోజు చేప వేపుడు. అతను రెండు చేతులా తింటూ, "మీ మైకే నా ప్రాణం తీస్తోందమ్మా" అనేవాడు ఆమెతోనే. "తీస్తే తీసింది, ముందు తిను" అనేది ఎర్ని. ఇంటికొచ్చాక తను మాత్రం తినేది కాదు.

మొదటి ప్రదర్శనకి ముందు బుధవారం, వేషాల షెడ్డు వెనక మేమిద్దరం బల్ల మీద కూర్చుని సోడా కలిపిన వైను తాగుతున్నాం. షెడ్డు గోడ రేకుది. లోపల డైరెక్టరు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"ఈ మనిషితో కాదు. రేపటి రిహార్సల్‌లో కూడా ఇలాగే ఉంటే పంపించేస్తాను. వియన్నాలో ఎవరైనా ఖాళీగా ఉన్నారేమో చూడండి... ఏం చేస్తాం, మంచివాడే. కానీ పని రాదని అర్థమవుతోంది కదా."

ఎర్ని గ్లాసు కింద పెట్టింది.

"ఎక్కడికి?" అన్నాను.

"పందిరి దగ్గరికి."

"కూర్చో. ఎక్కడి లింజ్‌వాడు, ఎక్కడి మనం. వాడికి ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. నీకు ఇంకోటి దొరుకుతుందా?"

"దొరకదు."

"మరి?"

"మరేంటే? పని రాదంటున్నారు వాణ్ణి. వాడికి పని వచ్చు. మనకి తెలుసు వచ్చని, మనిద్దరికీ హెర్మీకీ తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలీదు. నేను నోరు మూసుకుంటే వాడు బతికినన్నాళ్ళూ తనకి పని రాదనే అనుకుంటాడు."

"ఎర్నీ, నిన్ను మోస్తున్నది మేం. మాకు బరువు కాలేదు."

"తెలుసే. ఇప్పుడు వాడు కూడా మోస్తున్నాడు. వాణ్ణి మనం అడగలేదు" అంది. లేచి వెళ్ళిపోయింది. నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. గ్లాసు రెండోదీ నేనే తాగేసి వెనక పరిగెత్తాను.

గెర్నోట్ నేల మీద బాసింపట్టు వేసుకుని తీగలు చుడుతున్నాడు. ఎర్ని అతని ముందు నిలబడింది.

"నీ తీగలకేం రోగం లేదయ్యా. రోగం నా గొంతులో ఉంది. నేను పాడటం లేదు. నా మైకులో నువ్వు వింటున్నది ఇదిగో దీని గొంతు, ఆ హెర్మీ గొంతు. నా నెత్తి మీదికి వంగి పాడుతున్నారు, నువ్వు కనిపెట్టకుండా."

చుట్టిన తీగ అతని చేతిలోంచి జారి మళ్ళీ విడిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"పాట పోయి మూడేళ్ళు. ఈ వంగడం మాత్రం నువ్వు మైకులిచ్చినప్పట్నుంచి."

అతను దయగా ఏదో అంటాడని నేననుకున్నాను. అంతంత చుట్టలు తిన్నవాడు కదా. చివాల్న లేచి అరిచాడు. "వారమైందమ్మా నేను నిద్రపోయి! మా ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తడానికి సిగ్గేసేది. నా చెవులు పోయాయేమో అనుకున్నా. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నా! మీరేమో రోజూ వచ్చి తిను నాయనా, తిను నాయనా అని పెడుతున్నారు!"

"ఔను" అంది ఎర్ని.

"ఔనట! మీకేమైనా బుద్ధుందా?"

"లేదు" అంది. అక్కడే నిలబడి అన్నీ పడింది. నేను నోరు తెరవబోతే కాలితో తన్నింది. అరిచి అరిచి అతను కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని, "చెవులు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు నెమ్మదిగా. అప్పుడు ఎర్ని ఏడ్చింది.

ఫ్రావ్ ఇల్డికోకి తనే వెళ్ళి చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, అడ్డం పడాల్సి వస్తే పడదామని. ఇల్డికో కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"వసంతంలోనే అనుమానం వచ్చింది. నలుగురు పాడితే మూడు గొంతులు వినిపించాయి. ఆ రోజు నాకు జలుబుగా ఉంది, నా చెవులదే లోపమనుకున్నాను" అంది. "సరే, ఇందులో పెద్ద కష్టమేముంది? మీ మైకు తీసేస్తే సరి. వీళ్ళిద్దరూ తిన్నగా నిలబడి పాడతారు. మీరు మధ్యలోనే ఉండండి. డైరెక్టరుకి మీ మొహమంటే ఇష్టం. ఎవరికీ తెలియదు."

నేను తలుపు దగ్గర గాల్లోకి ఎగిరాను. ఇంత తేలికా! ముందే చెప్పుంటే ఇంత రామాయణం ఉండేదే కాదు.

"మీకు తెలుసుగా" అంది ఎర్ని.

"తెలిస్తే ఏం?"

"అమ్మా, మాలో మేం మోసుకోవడం వేరు. రేపో ఎల్లుండో గొంతు వస్తుందని మోస్తారు. నేనూ వస్తుందనే నిలబడ్డా. రాదని నాకు తెలిసి చాలా కాలమైంది, నోటితో అనలేదు, అంతే. ఇవాళ అనేశాను. అన్నాక ఇంక అక్కడ నిలబడితే అది బొమ్మని నిలబెట్టినట్టే. ఆ చోటు పాడేవాళ్ళది. ఎవరికైనా ఇవ్వండి."

ఇల్డికో ఇంకేం బతిమాలలేదు. సొరుగులోంచి మొదటి రోజు ఆటకి టిక్కెట్టు తీసి చేతిలో పెట్టింది. "ఇన్నేళ్ళలో ముందు నుంచి ఎప్పుడైనా చూశారా?"

"ఎక్కడ చూస్తానూ? ఎప్పుడూ పైనేగా ఉన్నా."

ఇంటికొచ్చే దారిలో ఆమెతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. గేటు దగ్గర మాత్రం ఆగలేక, "నీకు పొగరు" అన్నాను. "ఉంది" అని తలుపేసుకుంది. రెండు రోజులు మా ఇళ్ళ మధ్య గోడ ఇంకాస్త ఎత్తు పెరిగినట్టు అనిపించింది.

మొదటి రోజు గాలి లేదు, దోమలు మాత్రం మబ్బులా ఉన్నాయి. గెర్నోట్‌ని ఎవరూ పంపించెయ్యలేదు, తన పందిరి కిందే ఉన్నాడు. ప్రార్థన పాటకి నేనూ హెర్మీ ముందుకొచ్చి నిలబడ్డాం. మా మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచుకుని నిలబడాలనుకున్నాం. రిహార్సల్‌లో ఆ ఖాళీ చూసి ఇల్డికో, "దగ్గరికి జరగండి" అంది. మేం జరగలేదు. "ఇద్దరూ జరగండి, లేకపోతే ఇద్దర్నీ వెనక్కి పంపిస్తా" అంది. అప్పుడు జరిగాం. ఇప్పుడు నేను అలవాటు కొద్దీ కుడి పక్కకి చెయ్యి చాపితే హెర్మీ చెయ్యి తగిలింది. చల్లగా, చేపలా ఉంది.

కుర్చీలన్నీ చీకట్లో ఉన్నాయి, ఎర్ని ఎక్కడుందో కనపడలేదు. వాద్యాలు ఆగాయి. మేం పాడాం. నిజం చెప్పాలంటే చాలా బాగా పాడాం. మా గొంతు నీళ్ళ మీద ఎంత దూరం వెళ్ళిందో మాకే తెలిసింది, నుయ్యి లేదు, డొల్ల లేదు. పాట అయ్యాక జనం చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయారు, తర్వాత కొట్టారు. నాకు వొళ్ళు మండిపోయింది. ఒక్క చోటైనా తడబడి ఉంటే బాగుండేది. ఎర్ని లేకపోతే ఇలా అవుతుందని చెప్పుకోవడానికైనా ఉండేది.

ఆట అయ్యాక వెతికాను, కనపడలేదు. మర్నాడు పొద్దున్నే పెరట్లో కూర్చుని జామ్ కోసం ఆప్రికాట్లు చీలుస్తూ, ఆమె అడిగితే ఏం చెప్పాలో అల్లుకున్నాను. రెండో చరణంలో నేను తడబడ్డానని, హెర్మీ శ్రుతి తప్పిందని, ఇల్డికో మొహం మాడ్చుకుందని. ఇలాంటి అబద్ధాలు నాకు బాగా వచ్చు. గేటు చప్పుడైంది. ఎర్ని వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఎలా ఉందే?" అన్నాను.

"బాగా పాడారు."

"ఏం బాగు, రెండో చరణంలో నేను..."

"రోజల్, బాగా పాడారు. నేను లేని లోటు ఎక్కడైనా తెలుస్తుందేమోనని చెవులు రిక్కించి విన్నా. ఎక్కడా తెలీలేదు."

నా అబద్ధాలన్నీ ఒడిలో పళ్ళలా అలాగే ఉండిపోయాయి. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేనూ ఏడ్చాను. పొగరు అన్నందుకు ఏడ్చాను, బాగా పాడినందుకు ఏడ్చాను.

"మళ్ళీ అదే పాట చివర్లో వచ్చిందిగా, పడవ కనపడినప్పుడు" అంది కాసేపటికి. "అప్పుడు నేనూ అందుకున్నా."

"నువ్వా? దేంతో?"

"ఉన్నదాంతో. ఎలాగూ నా వంతు ఎవరూ మొయ్యక్కర్లేదు, నా వల్ల ఎవరి మైకూ చెడదు. నోరు తెరిచి వదిలేశా. పాత గొంతు కాదులే, గాలీ కిర్రుకిర్రూ కలిసి బండి ఇరుసులా వచ్చింది. కానీ వచ్చిందే. మాటలన్నీ వచ్చుగా నాకు, ఒక్కటీ వదల్లేదు."

"ఆ తర్వాత?"

"నా ముందు వరసలో వియన్నా ఆవిడెవరో, ముత్యాలూ అవీ వేసుకునుంది. గిరుక్కున వెనక్కి తిరిగి, 'అమ్మా, దయచేసి మీరు పాడకండి' అంది."

నేను చాకు పట్టుకుని లేచాను. "ఎవత్తే అది? ఏ హోటల్లో దిగింది? ఇన్నేళ్ళు పాడినదాన్ని పట్టుకుని..."

"కూర్చోవే" అంది ఎర్ని, నా గౌను అంచు పట్టి లాగుతూ. ఏడుస్తున్న మొహం మీదే నవ్వు పొంగిపోతోంది, ఆపుకోలేకపోతోంది. "పాడకండి అంది, రోజల్. నన్ను. మూడేళ్ళు మీ మధ్య నోరు తెరుచుకుని నిలబడ్డా, ఒక్కళ్ళూ ఆ మాట అనలేదు."